స్క్రీన్ మీద ఫొటో కనిపిస్తుంది, తర్వాత చూస్తే ఉండదు – అర్జెంట్, సాయం చేయండి

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న శుక్రవారం తణుకులో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. వీడియోకి మనిషిని మాట్లాడారు కానీ ఫొటోలు నేనే తీస్తానని పట్టుబట్టాను. ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టుకుని బయటివాళ్లకి డబ్బులెందుకు అన్నాను. ఆ మాట ఇప్పుడు ఇంటిల్లిపాదికీ గుర్తుంది.

కెమెరా 24 మెగాపిక్సెల్. సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడాదైంది, ఇంతవరకు పేచీ పెట్టలేదు. ఆరోజు కూడా నొక్కిన ప్రతిసారీ వెనక స్క్రీన్ మీద ఫొటో చక్కగా వచ్చింది. రాత్రి ఇంటికొచ్చి చూస్తే కొన్ని బాగానే ఉన్నాయి, చాలావాటికి మాత్రం ‘ఈ చిత్రాన్ని చూపలేము’ అని వస్తోంది. లాప్‌టాప్‌లో పెడితే ఫైళ్ల పేర్లు ఉన్నాయి, తెరిస్తే తెరుచుకోవు.

కెమెరా పోయిందంటారా? సర్వీసుకి ఇవ్వాలా? అక్క రెండుసార్లు అడిగింది, ఎడిటింగ్ జరుగుతోందని చెప్పాను.

---

ఈఎంఐ ఫొటోగ్రాఫర్ | ఆదివారం, రాత్రి 11:08

బ్రో, ముందు చిన్నవి చూసుకో. మెమరీ కార్డు లేకపోయినా షట్టర్ పడేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, షాపుల్లో డెమో చూపించడానికి పెట్టింది. అది ఆన్‌లో ఉంటే కార్డు లేకుండానే టకటకా కొట్టేయొచ్చు. స్క్రీన్ మీద ఫొటో కూడా వస్తుంది, కొన్ని మోడళ్లలో మూలన ‘డెమో’ అని చిన్నగా పడుతుంది. నేను అన్నవరం కొండ మీద గంటన్నర అలాగే తీశాను. కార్డు ఇంట్లో లాప్‌టాప్‌కే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

రెండోది, కార్డు పక్కన ఉండే లాక్ మీట.

---

పల్లె పిట్ట | ఆదివారం, రాత్రి 11:21

లాక్ అయితే కెమెరా అసలు తీయనివ్వదండీ, ముందే చెప్పేస్తుంది. ఈయనకి పేర్లు కూడా కనిపిస్తున్నాయంటే కార్డు లోపలే ఉంది, ఎంతో కొంత రాసింది కూడా.

కొన్ని కెమెరాల్లో ఫొటోలు చూసేటప్పుడు ‘ఇప్పటి ఫోల్డర్ మాత్రమే’, ‘అన్ని ఫోల్డర్లు’ అని రెండు ఎంపికలు ఉంటాయి. మొదటిది పెట్టి ఉంటే పాత ఫోల్డర్‌లోవి మాయమైనట్టు అనిపిస్తుంది. మీది అది కూడా కాదనుకుంటా. తెరుచుకోని వాటి సైజు ఎంత చూపిస్తోంది, సున్నానా?

---

డార్క్‌రూమ్ తాత | సోమవారం, ఉదయం 5:40

బాబూ, అన్నిటికంటే ముందు ఆ కార్డు కెమెరాలోంచి తీసి, లాక్ మీట కిందకి జరిపి, ఒక కవర్లో పెట్టి పక్కన పెట్టు. కెమెరా సంగతి తర్వాత చూద్దాం. ఇంకొక్క ఫొటో కూడా దాంతో తీయొద్దు. ‘కార్డును ఫార్మాట్ చేయాలా?’ అని కెమెరా అడిగినా, కంప్యూటర్ అడిగినా వద్దనే చెప్పు. లాప్‌టాప్‌లో ‘లోపాలు సరిచేయి’ అని వస్తే దాన్నీ ముట్టుకోవద్దు.

గుంటూరులో నలభై ఏళ్లు స్టూడియో నడిపాను. పోయిన ఫొటోల్లో సగం పోయినప్పుడు పోవు, వెతికేటప్పుడు పోతాయి.

---

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 7:15

తాతగారూ, మీరు తిడతారని తెలుసు. నిన్న కెమెరా పనిచేస్తోందో లేదో చూద్దామని అదే కార్డుతో ఇంకో పది తీశాను.

పల్లె పిట్ట గారూ, సైజు సున్నా కాదు. తెరుచుకునేవాటికి ఎంతుందో వీటికీ అంతే ఉంది. అందుకే నాకు అర్థం కావట్లేదు. వీధి చివర మొబైల్ షాపతను ఫార్మాట్ చేస్తే సెట్ అయిపోతుందన్నాడు. మీ పోస్టు చూసి కార్డు వెనక్కి తెచ్చేసుకున్నా.

---

డార్క్‌రూమ్ తాత | సోమవారం, ఉదయం 7:31

తిట్టను. తిట్టే వయసు దాటిపోయింది. పది తీశావా!

---

నాన్న కెమెరా | సోమవారం, ఉదయం 9:02

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాదీ సేవ్ కాని సమస్యే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. బీరువాలో నాన్నగారి పాత డిజిటల్ కెమెరా దొరికింది, 2005లో కొన్నది, 5 మెగాపిక్సెల్. పెన్సిల్ సెల్స్ వేస్తే ఆన్ అయింది. కొత్త 32 జీబీ కార్డు పెడితే ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది. ఇంకొకటి మార్చినా అంతే.

---

సెక్టార్ జీరో | సోమవారం, ఉదయం 10:26

హైదరాబాద్ నుంచి. డేటా రికవరీ నా ఉద్యోగం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

గోదారిగట్టు, కెమెరా పక్కన పెట్టి మూడు ప్రశ్నలకి జవాబు చెప్పండి. ఒకటి, తెరుచుకునేవి, తెరుచుకోనివి కలిసిపోయి ఉన్నాయా, లేక ఒక నంబరు దాకా అన్నీ బాగుండి ఆ తర్వాత అన్నీ పోయాయా? రెండు, ఒక్కో ఫొటో ఎన్ని ఎంబీ? మూడు, కార్డు మీద ఎంత సైజు రాసి ఉంది, ఎక్కడ కొన్నారు?

నాన్న కెమెరా గారూ, మీది చెడిపోలేదు. 4 నుంచి 32 జీబీ కార్డులు ఎస్‌డీహెచ్‌సీ అనే రకం, ఆ పద్ధతి 2006లో వచ్చింది. 2005 కెమెరాకి ఆ భాష రాదు. పైకి ఆకారం ఒకటే కాబట్టి స్లాట్‌లో పడుతుంది, అంతే. 2 జీబీ లేదా అంతకంటే చిన్న పాత ఎస్‌డీ కార్డు వెతకండి. కొన్ని పాత కెమెరాలు 2 జీబీకీ మొరాయిస్తాయి కాబట్టి 1 జీబీ దొరికితే ఇంకా మంచిది. కొత్త కార్డుని కంప్యూటర్‌లో పెట్టి 2 జీబీ భాగం చేసినా లాభం లేదు, కార్డు రకం మారదు.

---

మోడరేటర్ | సోమవారం, ఉదయం 10:40

నాన్న కెమెరా గారు కొత్త చర్చ మొదలుపెట్టి ఉండాల్సింది. జవాబు వచ్చేసింది కాబట్టి ఇక్కడే వదిలేస్తున్నాం.

---

ఈఎంఐ ఫొటోగ్రాఫర్ | సోమవారం, మధ్యాహ్నం 12:15

కార్డు మీద బంగారు రంగు పట్టీలని పెన్సిల్ రబ్బరుతో రుద్దితే నాది ఒకసారి బాగైంది. ట్రై చెయ్ బ్రో.

---

సెక్టార్ జీరో | సోమవారం, మధ్యాహ్నం 12:22

దయచేసి వద్దు. ఆ పూత చాలా పల్చగా ఉంటుంది. రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త సమస్య. పొడి మెత్తటి గుడ్డ చాలు, మరీ మురికైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క.

---

డార్క్‌రూమ్ తాత | సోమవారం, మధ్యాహ్నం 12:50

నేను ఎన్నో కార్డులు రబ్బరుతోనే తుడిచాను. ఒక్కటీ పోలేదు. గట్టిగా రుద్దకూడదు, అంతే.

---

సెక్టార్ జీరో | సోమవారం, మధ్యాహ్నం 12:58

తాతగారితో వాదించను. ఆయన చెయ్యి వేరు, మన చెయ్యి వేరు.

---

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 6:44

సెక్టార్ జీరో అన్నా, ఇప్పుడు నిదానంగా కూర్చుని చూశాను. మొత్తం 640 ఫొటోలు. 1 నుంచి 198 దాకా అన్నీ బాగున్నాయి, ఒక్కటీ పోలేదు. 199 సగం వచ్చి కింద అంతా బూడిద రంగు. 200 నుంచి చివరిదాకా ఒక్కటీ తెరుచుకోదు. ప్రతిదీ రా (కెమెరా పట్టింది పట్టినట్టే ఉండే ముడి ఫైలు), జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) రెండూ పెట్టి తీశాను. రా ఒక్కోటి 28 ఎంబీ అటూఇటూ, జేపెగ్ 10.

కార్డు 128 జీబీ. మూడు నెలల కిందట ఒక బస్టాండ్ దగ్గర కొట్లో 450కి తీసుకున్నా. పైన పెద్ద కంపెనీ పేరే ఉంది.

---

సెక్టార్ జీరో | సోమవారం, సాయంత్రం 7:10

రాకూడదనుకున్న జవాబే వచ్చింది. లెక్క చూడండి.

28కి 10 కలిపితే 38 ఎంబీ. 198ని 38తో గుణిస్తే 7,524 ఎంబీ. 8 జీబీ అని అమ్మే కార్డుని కంప్యూటర్‌లో పెడితే ఖాళీ చోటు సుమారు ఏడున్నర వేల ఎంబీయే చూపిస్తుంది. మీ 199వ ఫొటో సగంలో ఆగింది కూడా సరిగ్గా అక్కడే.

మీ దగ్గరున్నది 8 జీబీ కార్డు. పైన 128 అని అచ్చు వేశారు, లోపలి కంట్రోలర్‌కి (కార్డుని నడిపే చిప్‌కి) కూడా 128 అని అబద్ధం చెప్పడం నేర్పారు. కెమెరా ‘ఎంత చోటుంది?’ అని అడిగితే అది 128 అంటుంది, కెమెరా నమ్ముతుంది. 8 నిండాక వచ్చిన ప్రతిదాన్నీ ‘తీసుకున్నాను’ అని చెప్పి వదిలేస్తుంది. ఇంకో రకం నకిలీ ఉంటుంది, అది నిండాక మళ్లీ మొదటికి వచ్చి పాతవాటి మీదే రాస్తుంది. మీది ఆ రకం కాకపోవడం అదృష్టం, లేదంటే మొదటి 198 కూడా ఉండేవి కావు.

మరి పేర్లు, సైజులు ఎలా కనిపిస్తున్నాయంటారా? పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. పేరు ఎదురుగా 1,116 అని రాసుంటుంది, పెట్టెలో మాత్రం ఆ కవరు లేదు. కార్డులో ఫైళ్ల పట్టిక మొదట్లోనే, అసలు 8 జీబీలోనే ఉంటుంది. అందుకే పుస్తకం భద్రం, కవర్లు మాయం.

ఇక తీసినప్పుడు స్క్రీన్ మీద కనిపించింది కార్డులోది కాదు. షట్టర్ పడగానే ఫొటో ముందు కెమెరా సొంత మెమరీలోకి వస్తుంది, రెండు సెకన్లు చూపించేది అక్కడి నుంచే. కార్డు మీద రాయడం వెనకాల జరుగుతూ ఉంటుంది. ఎర్ర లైటు వెలిగేది అప్పుడే.

---

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 7:34

మరి మూడు నెలలుగా ఎలా పనిచేసింది అన్నా?

అంటే 200 తర్వాతవి రికవరీ చేసినా రావా?

---

సెక్టార్ జీరో | సోమవారం, సాయంత్రం 7:52

మూడు నెలల్లో ఒక్కసారైనా 198 దాటారా? దాటి ఉండరు. ప్రతిసారీ యాభయ్యో వందో తీసి, ఫార్మాట్ కొట్టి, మళ్లీ వాడి ఉంటారు.

రెండో ప్రశ్నకి సూటిగానే చెప్పాలి. రావు. చెరిగిపోయినవి తేవచ్చు, అసలు రాయనివి ఎవరూ తేలేరు. ‘గ్యారంటీగా తెస్తాం, ముందు అయిదు వేలు కట్టండి’ అనేవాళ్లు తగులుతారు, కట్టొద్దు.

అయినా నా లెక్క తప్పై ఉండొచ్చు కాబట్టి ఒక ప్రయత్నం చేద్దాం. కార్డు లాక్‌లోనే ఉంచి రీడర్‌లో పెట్టండి. ముందు ఆ 198 జతల్ని లాప్‌టాప్‌లోకి, ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. అది ఫైళ్ల పట్టికని చూడదు, కార్డు మొత్తం వరసగా చదువుతూ జేపెగ్ మొదలయ్యే గుర్తు ఎక్కడుంటే అక్కడి నుంచి ఫొటోని ఏరుతుంది. దొరికినవాటిని ఆ కార్డులో కాకుండా లాప్‌టాప్‌లోనే సేవ్ చేయమని చెప్పండి. అదీ 198 దగ్గరే ఆగితే ఇక సందేహం లేదు.

మీరు ఆదివారం తీసిన పది కూడా ఆ శూన్యంలోకే పోయి ఉంటాయి. కాబట్టి నష్టమేమీ జరగలేదు. కార్డు మంచిదై, ఫొటోలు పొరపాటున చెరిగినవైతే మాత్రం ఆ పదీ ఎన్నిటి మీద పడేవో చెప్పలేం.

---

డార్క్‌రూమ్ తాత | సోమవారం, రాత్రి 8:30

రీలు రోజుల్లో కూడా ఇదే జరిగేది. రీలు మూతి స్పూల్‌కి సరిగ్గా పట్టకపోతే లోపల కదలదు. పైన కౌంటర్ మాత్రం ఒకటి, రెండు, మూడు అని 36 దాకా వెళ్లిపోతుంది. కడిగితే తెల్లకాగితం. అందుకే కొత్త రీలు వేశాక లీవర్ తిప్పుతూ ఎడమపక్క రివైండ్ మీటని చూసేవాళ్లం. అదీ తిరుగుతుంటే రీలు నడుస్తున్నట్టు. నా మొదటి పెళ్లి ఆర్డర్‌లో అది చూసుకోలేదు. పెళ్లికొడుకు తండ్రి షాపుకొచ్చి ఏమీ అనకుండా కూర్చుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

డిజిటల్‌లో ఆ రివైండ్ మీట లాంటిది ఒకటే, ప్లే బటన్. అరగంటకోసారి నొక్కి, అయిదారు ఫొటోలు వెనక్కి వెళ్లి, ఒకదాన్ని పెద్దది చేసి చూడు.

---

పల్లె పిట్ట | సోమవారం, రాత్రి 9:05

నాది వేరే కథ. వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. కొల్లేరు ఆటపాకలో గూడబాతులు తీస్తుంటే ఉన్నట్టుండి కెమెరా ‘ఫోల్డర్ తయారు చేయలేను’ అని ఆగిపోయింది. కార్డులో 40 జీబీ ఖాళీ. బ్యాటరీ నిండుగా ఉంది. పక్షులు గూళ్ల మీద పిల్లలకి మేత పెడుతున్నాయి, నేను మెనూలు తిప్పుకుంటూ కూర్చున్నా.

తర్వాత తెలిసిందేంటంటే డిజిటల్ కెమెరాలన్నీ డీసీఎఫ్ అనే ఒకే పద్ధతిలో పేర్లు పెడతాయి. డీసీఐఎం అనే ఫోల్డర్ లోపల 100 నుంచి 999 దాకా ఫోల్డర్లు, ఒక్కో ఫొటోకి 0001 నుంచి 9999 దాకా నంబరు. 999వ ఫోల్డర్‌లో నంబర్లు అయిపోతే ఎంత చోటున్నా ఇక పేరు పెట్టడానికి వీల్లేదు, తీయడం ఆపేస్తుంది. అన్ని లక్షల ఫొటోలు నేనేం తీయలేదు. ఒక స్నేహితురాలి కార్డు ఫార్మాట్ చేయకుండా నా కెమెరాలో పెట్టాను. అందులో ఎవరో సరదాకి 999 పేరుతో చేసిన ఫోల్డర్ ఉంది. నా కెమెరా ఆ పెద్ద నంబరు పట్టుకుని అక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఫొటోలు కాపీ చేసుకుని, మెనూలో ఫైల్ నంబరింగ్ రీసెట్ కొట్టి, కార్డు ఫార్మాట్ చేస్తే మళ్లీ 100 నుంచి మొదలైంది.

ఆ రోజు గూడబాతులు మాత్రం నాకోసం ఆగలేదు.

---

న్యూజెర్సీ బాల్కనీ | మంగళవారం, ఉదయం 6:12

ఇక్కడా ఇలాంటి కార్డులే దొరుకుతున్నాయండీ, ఆన్‌లైన్‌లో. పేరున్న కంపెనీ ప్యాకింగ్ అచ్చుగుద్దినట్టు దింపేస్తారు. చూసి కనిపెట్టడం నావల్ల కాలేదు. కొత్త కార్డు వస్తే విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, మాక్‌లో, లినక్స్‌లో అయితే ఎఫ్3. రెండూ ఉచితం. కార్డు నిండేదాకా తెలిసిన సమాచారం రాసి, తిరిగి చదివి, రాసిందే ఉందో లేదో పోల్చి చెబుతాయి. ఖాళీ కార్డు మీదే చేయాలి.

---

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 9:48

ఫొటోరెక్ కూడా 198 దగ్గరే ఆగింది. తర్వాత హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ రాత్రంతా నడిపాను. పొద్దున లేచేసరికి ఫలితం: 7.4 జీబీ బాగుంది, 111 జీబీ పోయింది. సెక్టార్ జీరో అన్న వేళ్ల మీద వేసి చెప్పిన లెక్క ఇదే. కార్డు తీసుకుని కొట్టుకి వెళ్తే, మూడు నెలల తర్వాత వస్తే ఎలాగన్నాడు. బిల్లు కూడా లేదు నా దగ్గర.

అక్కకి చెప్పేశాను. 198లో మంగళస్నానం, పూలజడ, పందిరి, వచ్చినవాళ్లు సగం మంది ఉన్నారు. మేనమామగా నేను ఓణీ ఇచ్చేది 230 ప్రాంతంలో ఉంది, కెమెరా బావ చేతికిచ్చి తీయించాను. అది లేదు. అక్షింతలూ లేవు.

---

డార్క్‌రూమ్ తాత | బుధవారం, రాత్రి 10:15

వీడియో అతన్ని అడిగావా? ఎడిటింగ్ అవకముందే అసలు ఫుటేజీ ఇమ్మను, పెన్‌డ్రైవ్ నువ్వే పట్టుకెళ్లు. 4×6 అంగుళాల ఫొటోకి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 1,800 × 1,200 చుక్కలు కావాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేము 1,920 × 1,080, అంటే దాదాపు సరిపోయింది. 4కేలో తీసి ఉంటే ఎనిమిది మెగాపిక్సెల్, ఆల్బమ్‌లో పెద్దదే వేసుకోవచ్చు. చేతులు కదిలేటప్పుడు ఫ్రేము అలికినట్టు ఉంటుంది. అందుకని ఓణీ అందుకుని అందరూ కెమెరా వైపు తిరిగి ఆగుతారు చూడు, ఆ క్షణం పట్టుకో.

చుట్టాల ఫోన్లలో ఉన్నవి వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పు. గ్రూపులో పెడితే ఎవరూ చదవరు.

---

గోదారిగట్టు | శనివారం, రాత్రి 8:20

తాతగారూ, వీడియో 4కేలోనే తీశాడు! ఓణీ ఇచ్చే ఫ్రేములు మూడు దొరికాయి. ఒకదాంట్లో నా కళ్లు మూసుకుని ఉన్నాయి, మిగతా రెండూ పర్లేదు. అక్షింతలవి పెద్దనాన్న ఫోన్‌లో దొరికాయి. అన్నిట్లో ఒక మూల ఆయన బొటనవేలు ఉంది, కత్తిరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు 64 జీబీవి రెండు కొన్నాను, బిల్లుతో. రెండిటికీ రాత్రి టెస్ట్ పెట్టాకే కెమెరాలో వేశాను. అక్క మాత్రం చిన్నదాని ఫంక్షన్‌కి ఫొటోగ్రాఫర్‌ని ఇప్పుడే మాట్లాడేసింది. దానికి ఇంకా ఆరేళ్లు.

---

ఈఎంఐ ఫొటోగ్రాఫర్ | శనివారం, రాత్రి 8:31

అడ్వాన్స్ కూడా ఇచ్చిందా బ్రో?

---

నాన్న కెమెరా | ఆదివారం, ఉదయం 11:05

మళ్లీ నేనే. పాత బటన్ ఫోన్‌లో 1 జీబీ మైక్రో కార్డు ఉంటే అడాప్టర్‌లో పెట్టి చూశాను, కెమెరా వెంటనే తీసుకుంది. సెక్టార్ జీరో గారికి చాలా థాంక్స్. కార్డు తీసేసి ఆన్ చేస్తే కెమెరా సొంత మెమరీలో కూడా ఫొటోలు కనిపించాయి, మొత్తం అయిదు. ఆశగా తెరిచాను. గ్యాస్ బండ రసీదు మూడు, స్కూటర్ మీటరు రీడింగు ఒకటి, నేల ఒకటి.